వెండి రంగు పూసిన స్క్రూ

ప్రతి దసరాకూ మా బాపు కారు చక్రాల వెనకున్న బ్రేకు డ్రమ్ములకు కూడా వెండి రంగు పూసేవాడు. అవి అమ్మవారికి తప్ప ఎవరికీ కనిపించవు. ఆ రంగంతా డ్రమ్మును పట్టి ఉంచే స్క్రూ గాడిలో చేరి గట్టిపడింది.

అవ్వను కంటి ఆపరేషన్‌కు మేడ్చల్ నుంచి నగరానికి తీసుకెళ్లాల్సిన పొద్దున, బ్రేకు పట్టడం లేదని తేలింది. లోపల అరిగిన బ్రేకు లైనర్లు మార్చాలంటే డ్రమ్ము ఊడాలి, దానికి ముందు ఆ స్క్రూ రావాలి. నేను తిప్పితే గాడి అరిగి గుండ్రంగా అయింది.

"ఏందిరా, వస్తలేదా?" అంది కొత్త చీరలో అరుగు మీద కూర్చున్న అవ్వ.

"వస్తాంది అవ్వా, ముహూర్తం సూస్తాంది."

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి గదా, జల్దీ తియ్యి."

బాపు నన్ను జరగమని, స్క్రూ అంచుకు ఉలి ఏటవాలుగా ఆనించి సుత్తితో మెల్లగా కొట్టాడు. అది కొంచెం కొంచెంగా తిరిగి ఊడివచ్చింది. లైనర్లు మార్చగానే అవ్వ లేచింది.

"జర ఆగవే అమ్మా, ముందుగాల నేనొక్కణ్ణే పోయొస్త" అని బాపు ఖాళీ కారుతో హైవే వైపు వెళ్లాడు.

"షికారుకు పోయిండు" అన్నాను.

"బ్రేకు పట్టకుంటే దెబ్బ వానికే తాకాలని పోయిండురా" అంది అవ్వ.

నేను రోడ్డు మీదికి పోయి హైవే వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి కారొచ్చి ఇంటి ముందు మెత్తగా ఆగింది. మా స్టాపులో ఏనాడో గానీ ఆగని బస్సు ఆగినప్పుడు కూడా నేనంత మనస్ఫూర్తిగా దండం పెట్టలేదు.