మొనోపోలి తెప్ప తాడు

న్యూజెర్సీ బీచ్‌లో మా అమ్మాయితో వాకింగ్ చేస్తుంటే, కొందరు ఒక తెప్పకు తాడు కట్టి ఒడ్డుకు లాగుతూ కనిపించారు. తెప్ప మీద మేరీమాత పటం.

మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ మమ్మల్ని పిలిచి, ఏటా ఇలా తెప్ప ఎందుకు లాగుతారో కథంతా చెప్పింది. వాళ్ళ తాతలది ఇటలీలో మొనోపోలి అనే సముద్రపు ఊరట. తొమ్మిది వందల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద చర్చి కడుతుంటే కప్పుకు దూలాలు దొరకలేదు. ఒక రాత్రి మేరీమాత పటంతో ఓ తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చిందట.

"ఆ తెప్ప దుంగలతోనే మా చర్చికి కప్పు వేసుకున్నాం," అంది, మొన్న తనే దగ్గరుండి వేయించినట్టు.

"మీరు ఆ చర్చి చూశారా?"

"లేదు. నాకు విమానమంటే భయం."

నాకు ఒళ్ళు మండింది. చూడని ఊరి మీద ఇంత హక్కా!

"మా అంతర్వేదిలోనూ రథం లాగుతాం, సముద్రం పక్కనే," అన్నాను పోటీగా.

ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వూ లాగావా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పోయినేడు రథం తాడు పట్టుకోమంటే, "నో నాన్నా, చేతులు డర్టీ అవుతాయి," అన్న పిల్ల మరి.

"అయితే ఇది లాగు."

అంతే, జీన్స్ తడుస్తున్నా చూసుకోకుండా పరిగెత్తి తాడు పట్టేసుకుంది. "నాన్నా, వీడియో తీయి!"

"ఇక మా పిల్లే," అని నవ్వింది పెద్దావిడ.

నేను వీడియో తీయలేదు. బూట్లతోనే నీళ్ళలోకి దిగి, మా అమ్మాయి వెనకాలే తాడు పట్టుకున్నాను. ఎవరి పిల్లో ఆవిడకు తెలియాలి కదా!