పిన్నిది బద్ధకం కాదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న మనిషి మా పిన్ని. బాబాయితో పెళ్ళయి వచ్చిన కొత్తలో పత్తి తీయడంలో ఆవిడతో సమానంగా ఎవరూ సాలు దాటలేకపోయేవారట. రెండో కాన్పు తర్వాత ఏమైందో గానీ మనిషి మెల్లగా మారిపోయింది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన నిండా జుట్టు ఊడేది. కంచం ముందు కూర్చునే కునికేది. మిరపకాయలు ఎండబోసిన కల్లంలో అరికాళ్ళు బొబ్బలెక్కే ఎండకు కూడా చలి అంటూ దుప్పటి కప్పుకునేది. మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

మా నాయనమ్మ నవ్వేది కాదు. పని తప్పించుకోవడానికి వేషాలనేది. చివరికి పిన్నిని పుట్టింటికి పంపేసి బాబాయికి మళ్ళీ పెళ్ళి చేద్దామన్నదాకా వచ్చింది. వచ్చి తీసుకెళ్ళమని పిన్ని అన్నయ్యకు కబురు కూడా పంపారు. అదంతా పిన్ని వింటూనే ఉంది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా పొగరేనన్నారు.

ఆ వారమే నాయనమ్మ మోకాళ్ళ నొప్పులకు గుంటూరు వెళ్ళాం. చెయ్యి పట్టి బస్సు ఎక్కించడానికి పిన్ని, బడికి సెలవులు కాబట్టి నేను. బ్రాడీపేటలో వయసు మళ్ళిన ఒక డాక్టరమ్మ ఉండేది. నాయనమ్మ తన బాధ చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు పిన్ని మీదే ఉంది.

"ఆ అమ్మాయి ఎవరండీ?"

"మా చిన్నకోడలండి. దానికేం జబ్బు లేదు, ఒట్టి బద్ధకం."

డాక్టరమ్మ నన్ను పిలిచి, పాదాలు బయటికి వేలాడేటట్టు కుర్చీ మీద మోకరించమంది. రబ్బరు సుత్తితో మడమ పైన తట్టింది. నా పాదం టక్కున కదిలి, రెప్పపాటులో వెనక్కి వచ్చేసింది. తర్వాత పిన్నిని కూడా అలాగే మోకరించమంది.

తట్టగానే పిన్ని పాదం కదిలింది. కదిలి, అక్కడే ఉండిపోయినట్టయింది. తర్వాత మెల్లగా, మేమంతా చూస్తుండగా, నిద్రలో ఉన్న మనిషి పాదంలా వెనక్కి వచ్చింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ అంతే.

"చూశారుగా అమ్మా. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. అది పని చేయకపోతే ఒళ్ళంతా ఇలాగే నెమ్మదిస్తుంది. చలీ, వాపూ, నిద్రా, ఆ గొంతూ అన్నీ దానివల్లే అయుంటాయి. రక్తపరీక్షలో ఖాయంగా తెలుస్తుంది. బద్ధకం నటించొచ్చేమో గానీ, ఇది నటించలేరు."

నాయనమ్మ పిన్ని పాదం వైపే చూస్తూ, "తగ్గుద్దాండీ?" అంది.

"మందుంది. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. బాగయింది కదా అని మానేయకూడదు, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి."

అప్పుడు పిన్ని నోరు విప్పింది. "నిజంగా జబ్బేనాండీ? నేను కూడా నాది బద్ధకమే అనుకున్నానండి."

పాదాన్ని చూసినప్పటికంటే ఆ మాటకే నేను ఎక్కువ బిత్తరపోయాను. మేమంతా కలిసి ఆవిడను కూడా నమ్మించేశాం.

తిరుగు బస్సులో నాయనమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి రాగానే బాబాయిని పిలిచి, "వాళ్ళన్నయ్యను రావొద్దని చెప్పరా" అంది, అంతే. పరీక్ష ఫలితం వచ్చి మాత్రలు మొదలయ్యాక మాత్రం పొద్దున్నే మంచినీళ్ళ గ్లాసూ మాత్రా తనే తెచ్చి ఇచ్చేది. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగనిచ్చేది కాదు. డాక్టరమ్మ మాత్ర మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చింది. నెలలు గడిచేకొద్దీ వాపు తీసింది, గొంతు తేటపడింది. మళ్ళీ పత్తి తీతల నాటికి పిన్ని చేలో ఉంది.

ఇప్పుడు నేనే అత్తగారినయ్యాను. మొన్నొక రోజు బాగా పొద్దెక్కినా మా కోడలు లేవలేదు. నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. మింగేశాను. వెళ్ళి మంచం మీద పక్కన కూర్చుని, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాను.