ఎన్నిట్లో గారు

ఎవరు ఏ మాటన్నా సరే, "ఎన్నిట్లో?" అని అడగకుండా ఉండలేకపోవడమే ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. మనుషులైనా గొడుగులైనా ఆయనకు అదే ప్రశ్న. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన సామాన్లు దాచే గదికి ఆయన పెద్ద గుమాస్తా. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన ఎన్నిట్లో గారే.

"నీ టీ ఎప్పుడూ చల్లగానే తగలడుతుందయ్యా!" అని సూపర్‌వైజరు టీ అతన్ని కసిరితే, మధ్యలో ఈయన దూరాడు.

"ఎన్నిట్లో సార్? వేడిగా తాగినవి కూడా లెక్కేశారా?"

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. టీ అతను మాత్రం ఆ రోజు నుంచి ఈయనకు కప్పు నిండా పోయడం మొదలుపెట్టాడు.

ఆ గదికి చిన్న గుమాస్తా ఒకామె బదిలీ మీద వచ్చింది. ఒంటరి మనిషి. సాయంత్రం అద్దె గది తలుపు తీస్తే, పొద్దున తాగి వదిలిన గ్లాసు వదిలిన చోటే ఉండేది. అది చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది. నా అన్న మనిషి ఒక్క అక్కే. ఈ బదిలీ వద్దని అక్క అంటే, "నా బతుకు నా ఇష్టం" అని ఈమె అంది. అంతటితో ఇద్దరికీ మాటల్లేవు.

వచ్చిన కొత్తలో ఆమె ఎక్సెల్‌లో లెక్క తీసి మురిసిపోయింది. "సార్! నూటికి తొంభై మందికి వాళ్ళ వస్తువు దొరికింది!"

"ఎన్నిట్లోనమ్మా?"

"వచ్చి అడిగినవాళ్ళలో."

"మరి మన బీరువాల్లోకి చేరినవాటిలో ఎన్ని ఇళ్ళకెళ్ళాయి?"

ఆమె ఫిల్టరు మార్చింది. తొంభై కాస్తా ఇరవై అయి కూర్చుంది. "అదే షీటు, అవే అంకెలు. ఇదేం మాయ సార్?"

"మాయేం లేదు. ఎవరిని పట్టుకుని లెక్కేస్తున్నామన్నదే తేడా" అని ఆయన హాయిగా టీ తాగాడు. ఇంత చాదస్తపు మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అనుకుంది ఆమె.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చూసుకుంటూ ఉన్నట్టుండి అంది: "ఇష్టం లేనివాళ్ళు ఫోన్ చెయ్యరు. మా అక్క చెయ్యలేదు. అంటే నేనంటే ఇష్టం లేదు. సాయంత్రం ఈ నంబరు తీసేసి కొత్తది తీసుకుంటున్నా. పీడా పోతుంది."

"ఎన్నిట్లో?"

"ఇక్కడ కూడానా సార్!" ఆమె ఫోనును బల్ల మీద బోర్లా పడేసింది.

"కోప్పడకమ్మా. ఇష్టం లేనివాళ్ళు చెయ్యరు, నిజమే. కానీ చెయ్యనివాళ్ళలో ఇష్టం లేనివాళ్ళెంత మంది? అది వేరే లెక్క." ఆయన తన కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. సంచుల మీదా పెట్టెల మీదా ఫోన్ నంబరు కనబడితే చాలు, వాటి కోసం రానివాళ్ళకు ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడిగి, వాళ్ళ జవాబులు ఒక వరసలో ఎక్కించి పెట్టాడు.

"ఎవరో ఎత్తుకుపోయుంటారనుకున్నా." "అడిగితే నవ్వుతారని." "పారేసుకుంది నేనే కదా, ఏ మొహం పెట్టుకుని రాను?" వరసంతా ఇవే. "అక్కర్లేదు" అన్నవాళ్ళు నూటికి ముగ్గురో నలుగురో.

"రానివాళ్ళంతా అక్కర్లేనివాళ్ళే అనుకుంటే, ఈ గదిలోవన్నీ చెత్తబుట్టలో వెయ్యాల్సిందేనమ్మా."

ఆఫీసు ఫోను అరగదీస్తున్నాడని సూపర్‌వైజరు సణిగేది ఈ ఫోన్ల గురించా! ఆమెకు సిగ్గేసింది. "మీ ఇంటికి కూడా ఇలాగే చేస్తారా సార్, తోచనప్పుడు?"

"అక్కడ ఎత్తేవాళ్ళెవరూ లేరమ్మా" అన్నాడాయన, బస్సు టైము చెప్పినట్టు.

సాయంత్రం గదికి తాళం వేసే వేళకు ఆమె ధైర్యం చేసి అక్క నంబరు నొక్కింది. అవతల రెండోసారి మోగకుండానే ఎత్తారు.

"నువ్వు ఎత్తవేమోనని చెయ్యలేదే," అక్క ఏడుస్తూనే తిట్టింది. "ఆదివారం వచ్చెయ్."

"వస్తానక్కా. నాతో బాబాయిగారొకాయన కూడా వస్తారు. వంట ఇంకాస్త ఎక్కువ చెయ్యి. ప్రశ్నలేస్తారు, ఓపిక పట్టు."

"నేనెందుకమ్మా అక్కడికి..." అని గొణుగుతూ ఆయన మొహం తిప్పుకుని, ఎంతో పనున్నట్టు టకటకా టైపు చెయ్యసాగాడు. ఆ కంప్యూటరును ఆయన అప్పటికే ఆపేసి కాసేపైంది.