పెనుకొండ ఎత్తులో బోరు నీళ్లు

ఫిబ్రవరి మొదటి సోమవారం, ఉదయం ఎనిమిదింటికి హిందూపురం షెడ్డులో రిపోర్ట్ చేశాను. షెడ్డంటే నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు. కింద ఒక తెల్ల మినీ బస్సు. బండి వయసు పంతొమ్మిదేళ్లు. పద్దెనిమిది సీట్లు. డీజిల్ ఇంజన్. ఇత్తడి రేడియేటర్. ఎడమ అద్దం పగిలి ఉంది. టైర్లు బాగున్నాయి.

అంతకు ముందు ఇరవై రెండేళ్లు సైన్యంలో బండ్లు నడిపాను. చివరి ఆరేళ్లు మంచు కొండల్లో. రిటైరై ఊరికి వచ్చాక ఇది నా మొదటి డ్యూటీ.

ఆర్డర్లు ఇచ్చింది ఈ బస్సు నడిపే ధర్మసంస్థ కార్యదర్శి. ఆయనకు బజార్లో బట్టల అంగడి ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు. తొమ్మిదిన్నరకు హిందూపురం వదలాలి. పదిన్నరకు పెనుకొండ. పన్నెండుకు ధర్మవరంలో డయాలసిస్ సెంటర్. పదకొండు మంది రోగులు. రొద్దం వైపు వాళ్లు ఆటోల్లో పెనుకొండకు వచ్చి ఎక్కుతారు. నాలుగు గంటలు మెషీను మీద. సాయంత్రం ఐదుకు తిరుగు ప్రయాణం.

మూత్రపిండాలు పోయినవాళ్ల రక్తాన్ని ఆ మెషీను శుభ్రం చేస్తుంది. ఒక్క రోజు తప్పితే వాళ్ల కాళ్లు ఉబ్బుతాయి. ఊపిరి బరువెక్కుతుంది. ఇది నాకు మొదటి వారంలోనే అర్థమైంది.

బండి బాగోగులు చూసేది పెనుకొండ మెకానిక్. బస్టాండు వెనక అతని షెడ్డు. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. తక్కువ మాట్లాడతాడు. మొదటిరోజే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లతో కలిపి పోసే మందు, ఆకుపచ్చ కూలెంటు చూపించాడు. తగ్గితే తన దగ్గరికే రమ్మన్నాడు, వేరే ఏదీ పోయొద్దన్నాడు. నేను తలూపాను. లోపల నవ్వుకున్నాను.

ఎందుకు నవ్వుకున్నానో చెప్పాలి. కొండల్లో కూలెంటు మాకు ప్రాణం. రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీల కింద. రేడియేటర్‌లో వట్టి నీళ్లుంటే గడ్డకట్టి ఇంజన్ పగులుతుంది. కూలెంటు డబ్బాను రేషన్ లాగా కాపాడేవాళ్లం. మాకు నేర్పిన పాఠం ఒకటే: అది చలికి మందు. ఆరేళ్లు ఆ పాఠంతో బతికాను. మా సీమకు వచ్చాక కూడా దాన్ని మార్చుకోలేదు. ఎండలు మండే ఊళ్లో చలి మందెందుకు?

మార్చిలో రేడియేటర్ పైహోసు కొద్దిగా కారింది. క్లిప్పు బిగించాను. తగ్గినంత మేర సోమందేపల్లి దగ్గర ఒక తోటలోని బోరు నీళ్లు పోశాను. మళ్లీ తగ్గింది. మళ్లీ పోశాను. ఏప్రిల్ మొదట్లో ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. మెకానిక్ దగ్గరికి పోవడం నామోషీ అనిపించింది. ఒక ఆదివారం కింది ప్లగ్ తీసి మిగిలింది మొత్తం వదిలేశాను. రెండు బిందెల బోరు నీళ్లు నింపాను. ఎవరికీ చెప్పలేదు.

మొదటి దెబ్బ ఏప్రిల్ చివరి బుధవారం. పెనుకొండ దాటాక కొండల మధ్య రోడ్డు ఎత్తెక్కుతుంది. సమయం పదకొండు. బయట నలభై ఒక్క డిగ్రీలు. రోగులు, తోడొచ్చినవాళ్లతో బండి నిండా మనుషులు. ఇంజన్ వేడి చూపే మీటర్ ముల్లు సగం దాటింది. ముప్పావు దాటింది. ఎర్రగీతకు తగిలింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాను. వేడి మీద మూత తీయకూడదు. అంతవరకు నాకు తెలుసు. నలభై నిమిషాలు ఆగాం. రోడ్డు పక్కన నీడ లేదు. రోగులు బండిలోనే కూర్చున్నారు. నా దగ్గర నీళ్ల డబ్బా ఖాళీ.

నా వెనక సీట్లో హిందూపురం అవ్వ ఒకావిడ కూర్చునేది. డాక్టర్ ఆమెకు రోజుకు అర లీటరు నీళ్లే తాగమన్నాడు. ఆ అర లీటరు సీసాలో కొలిచి తెచ్చుకుంటుంది. ఆ సీసా నాకు చాపింది.

"నన్ను తాగొద్దన్నారు గదా. నీ బండన్నా తాగనీ, మిలిట్రీ అబ్బీ."

తీసుకున్నాను. మిగతావాళ్లూ తలా కాస్త ఇచ్చారు. మూతకు గుడ్డ చుట్టి, మెల్లగా తిప్పి, ఆ నీళ్లు పోశాను. నా సర్వీసులో అంతకంటే బరువైన సీసా ఎత్తలేదు.

ధర్మవరం చేరేసరికి ఒంటిగంట. తర్వాతి బ్యాచ్ నాలుగున్నరకు ఉంది, ఆలోగా మెషీను కడగాలి. మావాళ్లకు మెషీను మూడు గంటలే దొరికింది. నర్సు కేకలు వేయలేదు. గడియారం వైపు చూసి రిజిస్టర్‌లో రాసుకుంది.

ఆ సాయంత్రం కార్యదర్శి ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. మెకానిక్ పోసింది నకిలీ కూలెంటు అన్నాను. రంగు నీళ్లన్నాను. సైన్యం నుంచి వచ్చినవాడి మాట. ఆయన మరో మాట అడగలేదు. మర్నాడే మెకానిక్‌ను బండి పని నుంచి తీసేశారు. ఆ మాట పెనుకొండ బస్టాండు అంతా పాకింది. అతని షెడ్డుకు వచ్చే టాక్సీ డ్రైవర్లు కూడా పక్క షెడ్డుకు మళ్లారు.

ఈ ముక్క రాయడానికి కారణం ఇదే. పోయిన నెల మాజీ సైనికుల సమావేశంలో నాకు శాలువా కప్పారు. నకిలీ మందు పోసిన మెకానిక్ చేతిలోంచి బండిని కాపాడానట, ఆ పాత పుకారే అక్కడిదాకా చేరింది. చెప్పబోయాను. చప్పట్లలో నా మాట వినిపించలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు. ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. అది అబద్ధం. అబద్ధమాడింది నేను.

రెండో దెబ్బ మే మొదటి శుక్రవారం. అదే ఎత్తు. అదే ఆవిరి. ఈసారి నింద వేయడానికి మనిషి లేడు. మళ్లీ గంట ఆలస్యం. నర్సు నన్ను పక్కకు పిలిచింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ పదకొండు స్లాట్లు వేరేవాళ్లకు పోతాయని చెప్పింది. వెయిటింగ్ లిస్టులో జనం ఉన్నారు, ఆమె చేతిలో ఏమీ లేదు. అప్పుడు మావాళ్లకు దగ్గరి సెంటరంటే అనంతపురమో బెంగుళూరో.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు అవ్వ కాళ్లు చూశాను. చెప్పులు పట్టడం లేదు. చేతిలో పట్టుకుని ఎక్కింది.

శనివారం ఉదయం ఏడింటికి బండి తీసుకుని పెనుకొండ మెకానిక్ దగ్గరికి పోయాను. అతను పళ్లు తోముకుంటున్నాడు. నన్ను చూసి నోరు పుక్కిలించి లోపలికి నడిచాడు. తిట్టలేదు. ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీశాడు. వేలు లోపల పెట్టి తీశాడు. వేలి కొసన తెల్లటి పొర.

"సారూ, ఇది బోరు నీళ్ల సున్నం. మీ ఇంట్లో నీళ్లు కాంచే బిందె అడుగున సూసుండరా? అదే ఇది. లోపల గొట్టాలన్నీ పూడిపోయుండాయి."

"నేనే పోశాను," అన్నాను. "నీ కూలెంటు తీసి పారబోసింది నేనే. ఈడ మంచు యాడుందని."

అతను చేతులు కడుక్కున్నాడు. సబ్బు రెండుసార్లు రుద్దాడు.

"కూలెంటు చలికే గాదు. నీళ్లు తొందరగా మరగకుండా పట్టుకునేదీ అదే, లోపల తుప్పు పట్టనియ్యనిదీ అదే. మన ఎండకు దాంతోనే ఎక్కువ పని. మిమ్మల్ని కొండ మీద ఇంత కాలం పెట్టి ఇది చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. నేను వినలేదు.

"నాకు చెప్తివి సరే," అన్నాడు. "నా పేరు చెడింది వాళ్ల ముందర. ఆడ చెప్పు. సోమారం బండి కదలకముందే."

ఒప్పుకున్నాను. పని మొదలుపెట్టాం. శనివారం, ఆదివారం. రేడియేటర్ దించాం. గొట్టాల్లో సన్నటి ఇనుప బద్దలు తోసి సున్నం రాలగొట్టాడు. ఇంజన్ లోపల నీళ్లు తేటగా వచ్చేదాకా ఏడుసార్లు కడిగాం. ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ మార్చాం. పైహోసు మార్చాం. మూత స్ప్రింగు సడలింది, అదీ మార్చాం. కూలెంటు కోసం నేను హిందూపురం పోయాను. అంగడివాడు గులాబి రంగు డబ్బా చేతికిచ్చాడు. ఇది కొత్తది, ఐదేళ్లు చూడక్కర్లేదన్నాడు. మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"తేవద్దు," అన్నాడు. "రంగు సూసి పోసేది గాదు సారూ. బండి బుక్కులో ఏ రకం రాసుంటే ఆ రకం. ఇది పాత ఇంజను, ఇత్తడి రేడియేటరు. కొత్త మందు దీనికి పడదు. రెండు రకాలు కలిపినా లోపల జిగురయితాది."

బుక్కులో ఉన్న రకమే తెచ్చాను. సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్. మూత తీసిపెట్టి ఇంజన్ నడిపాం. బుడగలు ఆగేదాకా చూశాం. గాలి మిగిలితే అక్కడే వేడెక్కుతుందని చెప్పాడు. సోమవారం పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ సీసాలో కూలెంటు మట్టం మళ్లీ చూశాం. రెండు గీతల మధ్య ఉంది.

తొమ్మిదీ ఇరవైకి హిందూపురం షెడ్డు, మెకానిక్ కూడా నాతో వచ్చాడు. కార్యదర్శి వచ్చాడు. రోగులు ఎక్కుతున్నారు. నేను అటెన్షన్‌లో నిలబడ్డాను. అలవాటు.

"కూలెంటు తీసేసింది నేను. బోరు నీళ్లు పోసింది నేను. మెకానిక్ తప్పు ఏమీ లేదు. నకిలీ అని నేను భయపడి చెప్పాను."

 కార్యదర్శి మెకానిక్ వైపు తిరిగి, పెద్ద తప్పయింది అబ్బా, ఇకమీదట కూడా నువ్వే చూడాలన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించడం నేను చూశాను.  మెకానిక్ వచ్చి ముందు సీట్లో, నా పక్కన కూర్చున్నాడు.

పదకొండుకు ఎత్తు మొదలైంది. ఎండ నలభై రెండు. మా ముందు గ్రానైట్ రాయి మోస్తున్న లారీ. నడక వేగం. దాటడానికి దారి లేదు. రెండో గేరు. వెనక ఎవరూ మాట్లాడటం లేదు. అందరి కళ్లూ నా భుజం మీదుగా మీటర్ మీదే. ముల్లు సగానికి వచ్చింది.

"ఆపుదామా?" అడిగాను.

"గమ్మున పోనీ. థర్మోస్టాటు తెరుచుకుంటాండాది."

సగం మీద ముల్లు ఆగింది. వణకలేదు. లారీ వెనకే నాలుగు మలుపులు. అక్కడే ఉంది. ఎత్తు పైకి చేరాం. లారీ పక్కకు తప్పుకుంది. మూడో గేరు, నాలుగో గేరు. ముల్లు కిందికి దిగింది. వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్నో కొండలు ఎక్కాను. ఇంత గర్వంగా ఏదీ ఎక్కలేదు.

అవ్వ ముందుకు వంగింది.

"ఏమబ్బా, ఏం మందు పోసినావు దీనికి? నాకూ రోంత పోయరాదా?"

"నీ బుక్కు యాడుందో సూపియ్యవ్వా. అందులో రాసిండేది తెస్తా," అన్నాడు మెకానిక్.

పదకొండూ యాభైకి ధర్మవరం సెంటర్ గేటు. నర్సు గడియారం చూసింది. ఈసారి ఏమీ రాయలేదు. తలుపు తెరిచి పట్టుకుంది. పదకొండు మందికీ నాలుగేసి గంటలు పూర్తిగా దొరికాయి.

సాయంత్రం ఐదుకు తిరుగు ప్రయాణం. గాలి కాస్త చల్లబడింది. అదే ఎత్తు, అటువైపు నుంచి. ముల్లు సగం కూడా ముట్టలేదు. పెనుకొండలో రొద్దం వాళ్లు దిగిపోయారు. మెకానిక్ దిగలేదు. హిందూపురం దాకా వచ్చి, ఇంజన్ శబ్దం వినాలన్నాడు. ఆఖరి బస్సుకు తిరిగిపోతానన్నాడు. తల కిటికీకి ఆనించి, కళ్లు సగం మూసి, చెవి ఇంజన్ వైపు పెట్టి కూర్చున్నాడు. నేను అతని తీర్పు కోసం కాచుకున్నాను.

ఆ తర్వాత ఆ రోడ్డు మీద రెండేళ్లు నడిపాను. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. డ్యూటీ ముగించి ఇంటికి వచ్చేశాను. అన్నీ మెల్లగా మసకబారుతున్నాయి. ఒకటి మాత్రం పోవడం లేదు. ఆ సాయంత్రం సోమందేపల్లి దాటాక పక్కకు చూశాను. గ్రీజు అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని, నేను నడుపుతున్న బండిలో మెకానిక్ నిద్రపోతున్నాడు.