అడవి వైపు తిప్పిన హారన్లు

పెళ్లిళ్లలో మైకుసెట్టు రొదను నేను నేటికీ సమర్థించను. అయినా ఒకనాడు అది ఒక ప్రాణానికి ఆధారమైనది. ఆ మాట చెప్పకుండా దానిని నిందించడం న్యాయం కాదు కనుక ఇది వ్రాస్తున్నాను.

డెబ్బైలలో భద్రాచలం అడవి అంచున, ఇంకా కరెంటు రాని పల్లెలో మా బంధువుల పెళ్లి. ఖమ్మం నుంచి కిరాయికి తెచ్చిన మైకుసెట్టు బ్యాటరీ మీద నడుస్తోంది. దాని రెండు గరాటా హారన్లలో ఒకటి పందిరి వైపు, ఒకటి అడవి వైపు కట్టి ఉన్నాయి. విస్తళ్లకు మోదుగాకు తేవడానికి ఉదయం అడవికి వెళ్లిన ఆ ఇంటి పాలేరు భార్య మధ్యాహ్నం దాటినా తిరిగి రాలేదు. వెతకబోయినవారికి జాడ దొరకలేదు. పెళ్లికూతురి తండ్రి పాటలు ఆపించాడు.

"మనిషి కానరాకుంటే పాటలేంది?" అన్నాడు.

ఆ పాలేరు చేతులు జోడించాడు. "ఆపకుండ్రి పటేలా. గీ సప్పుడు పట్టుకొనే అది నడిచి రావాలె."

మైకు మనిషి మళ్లీ పాట పెట్టి, పందిరి వైపున్న హారన్‌ను కూడా అడవి వైపు తిప్పి కట్టాడు. రికార్డు మార్చే ప్రతిసారీ పందిరిలోని వారంతా అడవి వైపు చెవి పెట్టారు.

పొద్దు గుంకే వేళకు ఆమె ఆకుల మోపుతో వచ్చింది. కాళ్లు ముళ్లకు చీరుకుపోయి ఉన్నాయి.

"నడుమ ఆపిండ్రేందయ్యా? ఎటు పోవాల్నో తెల్వక ఉన్నకాడనే కూసున్న" అని భర్తను అడిగింది. అతడు ఆమె నెత్తి మీది మోపు దించాడు.

పాట ఎంతసేపు ఆగినదో నాకు నిశ్చయంగా గుర్తులేదు. ఆ పందిరిలో ఉన్నవారెవరైనా ఇది చదివితే నా పొరపాట్లు దిద్దవలసినదిగా మనవి.