అమ్మ ఒక్కతే ఆడిన బతుకమ్మ

గల్ఫ్‌లో, నజ్మా పేటలోని మా కూలీల గదిలో లింగన్న సత్తుపిండి పొట్లం విప్పగానే వేయించిన మక్కలు, నువ్వులు, బెల్లం కలిసిన వాసన నాలో పాత కోపాన్ని లేపింది. ఊరి నుంచి వచ్చిన ఆ పిండిని అందరికీ పెట్టాడు. మాతో వంట పంచుకునే నైజీరియా ఇగ్బో తెగ మనిషి చిడికి కూడా పెట్టి, మూల మంచం మీది గంగారాంను మాత్రం దాటేశాడు. లింగన్నది, గంగారాంది, నాది ఒకే ఊరు. పొలం గట్టు తగాదాలో గంగారాం వాళ్ల అన్న ఊరి కమిటీని కాదని కోర్టుకు పోయాడట. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దన్న హుకుం ఫోన్‌లో ఇక్కడిదాకా వచ్చింది.

నా చిన్నప్పుడు మా ఇంటినీ ఇలాగే వెలివేశారు. నాయిన కమిటీకి చెప్పకుండా పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమే నేరం. డప్పు కొట్టి చాటించిన పొద్దు నుంచి షావుకారు ఉప్పు ఇవ్వలేదు, మంగలి రాలేదు, నాతో గోలీలాడే పిల్లలు నన్ను చూడగానే గోలీలు జేబులో వేసుకునేవారు. వానలు వెనకబట్టి, చెలక గట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా పూసిన ఆ రోజుల్లో అమ్మ పంతం కొద్దీ మక్కలు వేయించి, సత్తుపిండి విసిరి, పండుగ ఆఖరి రోజు సద్దుల నాడు నిలువెత్తు బతుకమ్మను పేర్చి తీసుకెళ్లి అందరి నడుమ పెట్టింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ బతుకమ్మలు ఎత్తుకుని అవతలికి పోయారు, మా సొంత మేనత్తతో సహా. అమ్మ ఒక్కతే చప్పట్లు కొడుతూ తిరిగింది. ఆట ముగిశాక సత్తుపిండి గిన్నె చాపి "ఇచ్చినమ్మ వాయినం" అంది. పుచ్చుకునే చెయ్యి ఒక్కటీ రాలేదు. వాళ్లను నేను ఈనాటికీ క్షమించలేదు.

ఇది చెబితే చిడి ఆశ్చర్యపోలేదు. వాళ్ల ఊళ్లోనూ పెద్దలు వెలివేసిన ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వరట, వెలి గుర్తుగా వాకిట్లో లేత తాటాకు కడతారట, దేవతల ముసుగులేసుకున్నవాళ్లు వచ్చి మేకను తోలుకుపోతారట. ముసుగు వెనక ఉండేది పక్కింటి మామేనని నవ్వాడు. మావాళ్లకు ఆ ముసుగు కూడా అక్కర్లేకపోయింది. దొంగలు పుట్టకుండా ఊరికి కట్టుబాటు ఉండాలంటారు. మా అమ్మ ఏం దొంగిలించిందో ఒక్కడు చెప్పమనండి.

ఇప్పుడు ఆ చెలకలు ప్లాట్లయ్యాయి, గునుగు లేదు, గోలీలు లేవు, డప్పు చాటింపూ లేదు. పోవాల్సిందొక్కటే పోలేదు.

నా పళ్లెం తీసుకెళ్లి గంగారాం పక్కన కూర్చున్నాను.

"ఊర్ల తెలిస్తె మీ ఇంటి మీద గూడ వెలి పడ్తది," అన్నాడు లింగన్న.

గంగారాం తల వంచుకునే, రెండు చేతులూ చాపాడు. వాటి నిండా సత్తుపిండి పోశాను.

"ఇగ కొట్టు మెసేజ్," అన్నాను లింగన్నతో. "ఇద్దరమని చెప్పు."