కొరియా సేమియాలు వండిన మా చిన్నమామ

పోయిన శుక్రవారం పొద్దున మా చిన్నమామ పోయాడు. మా మామకు, అంటే నా పెనిమిటి తండ్రికి, తోడబుట్టిన తమ్ముడు. లక్సెట్టిపేటలో మాదీ ఆయనదీ గోడకు గోడ ఇల్లు. వేపపుల్ల నోట్లో పెట్టుకొని వాకిట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గోడ ఇవతల నుంచి నేను రెండుసార్లు పిలిచాను. పలకలేదు. ముందురోజు సాయంత్రమే నాతో కొట్లాడినంత పని చేసిన మనిషి. ఇంత సులువుగా పోతారా ఎవరైనా!

ఆయన ఫౌజులో వంటవాడు. పోలీసు యాక్షన్ అయినంక చేరాడు. కొరియాలో యుద్ధం నడుస్తున్నప్పుడు గాయపడ్డవాళ్ళను చూసుకోవడానికి మన ఫౌజు దవాఖానా ఒకటి అక్కడికి పోతే, దాంట్లో వండిపెట్టడానికి ఈయనా పోయాడు. అప్పటిదాకా గోదావరి అవతలి ఒడ్డు కూడా సరిగ్గా చూడని మనిషి ఓడెక్కి సముద్రాలు దాటాడు. వచ్చేటప్పుడు ఒక ఉన్ని కోటు, రెండు వంటలు తెచ్చుకున్నాడు. "గంత దూరం పోయి గివేనా తెచ్చింది?" అని వాడలో ఆడవాళ్ళు నవ్వితే, "బంగారం తెస్తె పెట్టెల దాసుకుందురు. వంట తెస్తె అందరు తింటరు" అనేవాడు.

మొదటి వంట పెద్దకూర కాల్చడం. అక్కడి అమెరికా వంటవాళ్ళను చూసి నేర్చుకున్నాడట. ఎద్దు తొడ కూరను ముక్కలు కొట్టకుండా ఒకే ముద్దగా ఉంచి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి దంచి పట్టించి, ఇనుప చువ్వకు గుచ్చి చింతనిప్పుల మీద తిప్పుతూ కాల్చేవాడు. "మంట మీద పెడితె పైన మాడుతది, లోపల పచ్చిగుంటది. మంట సచ్చినంకనే పెట్టాలె బిడ్డా" అనేవాడు నాతో. దించాక ఎవరినీ కత్తి పెట్టనిచ్చేవాడు కాదు. "గంతసేపు నిప్పుల మీద ఉన్నది, జర పండుకోనియ్యుండ్రి దాన్ని" అని పైన గిన్నె బోర్లించేవాడు. ఆ వాసనకు మా కడుపులు కాలిపోతుండేవి, ఆయనకేమో తొందరే ఉండదు! తర్వాత పలచగా కోసి ఇంటింటికీ పంచేవాడు.

రెండో వంట మరునాటిది. గోధుమపిండి తడిపి, చపాతీలా పెద్దగా పరిచి, మడతపెట్టి, కత్తితో దారాల్లాగా కోసేవాడు. బొక్కలు ఉడికించిన రసంలో ఆ దారాలు వేసి, పైన మిగిలిన కాల్చిన కూర చీల్చి, ఉల్లాకు చల్లేవాడు. వాడంతా వాటిని కొరియా సేమియాలు అనేది. అక్కడ చలికాలంలో ఒక ముసలమ్మ మనవణ్ణి దవాఖానాకు తెచ్చిందట. వంటింట్లో మిగిలిన కూర ఈయన ఆమె చేతిలో పెడితే, ఆమె దాంతోనే ఇది వండి తెచ్చి ఇచ్చిందట. "ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. గిన్నె నా దిక్కు నూకింది, గంతే. తిన్నంక మా అవ్వ తీర్గనే కనవడ్డది నా కండ్లకు" అని ఎన్నిసార్లు చెప్పాడో.

ఇంతమందికి పెట్టిన మనిషికి ఒక్కటే బాధ. సొంత అన్న ఆయనింట్లో తినడు.

మా వాడలో పండుగకు ఎద్దును కోస్తే మోదుగాకులు పరిచి ఇంటికొక పోగు పెడతారు. ప్రతి పోగులో మెత్తటి కూర, బొక్క, కార్జం, కొవ్వు అన్నీ తలా కొంచెం పడాలి. ఆ పోగులు పెట్టే చెయ్యి మా మామది. ఒక్క ఇంటివాళ్ళు కూడా తక్కువైందని అనలేదని ఆయనకు గర్వం. చిన్నమామ కొరియా నుంచి వచ్చిన ఏడు, నేను కొత్తకోడలిని, నా కళ్ళముందే జరిగింది.

"అన్నా, నా పోగు కొట్టకు. తొడ కూర ఒక్క ముద్దగ ఇయ్యి, కాల్చి అందరికి పెడత" అన్నాడు చిన్నమామ.

"తొడ నువ్వు దీస్కపోతె మిగిలినోళ్ళు బొక్కలు నాకాల్నా? పోగంటె పోగే" అన్నాడు మా మామ.

ఫౌజు నుంచి కొత్తగా దిగిన దర్పం కదా, ఊరుకోలేదు. "గిట్ల కొట్టి ఖరాబు చేసిన కూర మా ఫౌజుల కుక్కలకేస్తరు" అనేశాడు. వాడంతా వింటోంది. మా మామ కత్తి కింద పెట్టాడు. "నేను పెట్టిన పోగు కుక్కల కూడైతె, నీ ఇంటి మెతుకు ముడితె ఒట్టు" అని లేచిపోయాడు.

చిన్నమామ మరునాడే వచ్చి కాళ్ళు పట్టుకోబోయాడు. మా మామ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి చిన్నమామ బజార్లో కసాబు దగ్గరే తొడ కూర కొనుక్కునేవాడు. సేమియాలు చేసినప్పుడల్లా అన్నకని ఒక గిన్నె నా చేతికిచ్చేవాడు. మా మామ దాని మొహం చూడడు. తర్వాత గోడ మీంచి తల పెట్టి "ముట్టిండా?" అని అడిగేవాడు చిన్నమామ. "లేదు చిన్నమామా." "ఫికర్ లేదు, నువ్వు తినెయ్యి బిడ్డా." ఇద్దరి మొండితనానికీ నా కడుపే దిక్కయింది.

చివరి సాయంత్రం కూడా కూర కాల్చాడు. "రేపు సేమియాలు చేస్త. ఈసారి నువ్వు వండినవని చెప్పి పెట్టు అన్నకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మీ అన్నదమ్ముల నడుమ నన్నెందుకు నలుపుతరు? నేను అబద్ధమాడ" అన్నాను. "నాకు దినాలు దగ్గరవడ్డయే బిడ్డా, మా అన్నతోని ఒక్కపూట తినిపియ్యరాదె" అన్నాడు. ఊరికే అంటున్నాడనుకున్నాను.

మట్టిచేసి వచ్చాక ఆ ఇల్లు సర్దడానికి నేను పోయాను. చిన్నత్త ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు, ఇంకెవరున్నారు? ఉట్టి మీద మిగిలిన కూర అట్లాగే ఉంది. చలికాలం కాబట్టి చెడలేదు. దాన్ని పట్టుకొని ఏడుస్తుంటే మా మామ లోపలికి వచ్చాడు. ఆ గడప తొక్కక ఎన్నేండ్లయిందో.

"నిన్నటిదేనా?" అన్నాడు.

"ఆఁ. మీకోసం సేమియాలు చేస్తనన్నడు."

"చెయ్యి బిడ్డా."

చావింట్లో పొయ్యి ముట్టించొద్దని వాడందరికీ చెప్పేది ఈయనే. పొయ్యి దగ్గర కూర్చొని పుల్లలు తనే విరిచి ఇచ్చాడు. నాకు ఆగలేదు. "గీ మాట నిన్న అంటె ఏం పోయేది మామా?" అన్నాను. ఆయన ఇంకో పుల్ల విరిచి నా చేతికిచ్చాడు.

నాకు చేతనైనట్టు చేసి గిన్నెలో పోసి ఇచ్చాను. అన్నం కలిపినట్టు కలపబోయాడు. దారాలు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారాయి.

"ఎట్ల తినాలె బిడ్డా గీటిని? వాడెట్ల తినేటోడు?"

"గిన్నె రెండు చేతుల ఎత్తి, నోటికి పెట్టుకొని జుర్రెటోడు మామా."

మా మామ అట్లాగే ఎత్తాడు. జుర్రిన చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. రసం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మా మామ మాత్రం ఆ గిన్నెను మొహం మీంచి దించలేదు.